పాతరలో పోసిన వాన

మామిడిపల్లిలో ఈరమ్మ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పరు. "గా పాతర ఉన్న ఇల్లా?" అని తిరిగి అడుగుతారు. ఒకప్పుడు ఊళ్ళో ఇంటికొక పాతర ఉండేది. తర్వాత కొన్నిటిని పూడ్చేశారు, కొన్నిటి మీద గోడలు లేచాయి, ఒకదాని మీద ఏకంగా సెల్‌ఫోన్ల దుకాణమే వెలిసింది. మిగిలింది ఈరమ్మదొక్కటే. మిగిలిందనే కంటే ఈరమ్మ మిగిల్చిందనడమే న్యాయం. ఆమెతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

పాతరంటే తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. అది వాకిట్లో మనిషిన్నర లోతున తవ్విన గుంత. మెడ సన్నం, కడుపు పెద్దది. లోపల చుట్టూ రాళ్ళు పేర్చి, గడ్డి పరిచి, జొన్నలు పోసి, మూతి మీద బండ పెడతారు. బండ చుట్టూ మట్టీ పేడా కలిపి మెత్తితే ఏడాది గడిచినా గింజ చెడదు. ఈ పాతరను తవ్వించింది ఈరమ్మ మామ లింగయ్య. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడు అందులోంచి మొదటి గంప నెత్తికెత్తుకున్నది ఆమే.

ఆ మొదటి గంప సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పాతర తీసిన నాడు ముందుగా కందిలిని తాడుకు కట్టి లోపలికి దించుతారు. దీపం ఆరిపోతే లోపల గాలి మంచిది కాదని ఆ పూట ఎవరూ దిగరు. వెలుగుతూ ఉంటే దిగి గంప నింపుతారు. అయితే ఆ మొదటి గంప ఇంట్లోకి పోదు. పక్కింటికి పోవాలి. పక్కవాళ్ళ పొయ్యి మీద ఆ జొన్నలు ఉడికాకే మన పొయ్యి మీద ఉడకాలి. "భూమి ఇచ్చింది, మళ్ళ భూమే దాసింది. నడుమ మనదే అని ఎట్లంటం?" అనేవాడట లింగయ్య. గంప అందుకున్నవాళ్ళు కూడా దాన్ని ఉత్తగా తిప్పి పంపేవాళ్ళు కాదు. నాలుగు మిరపకాయలో రెండు పసుపు కొమ్ములో వేసి పంపేవాళ్ళు.

ఎయిర్‌పోర్టు కోసం భూములు తీసుకున్నప్పుడు ఈరమ్మవాళ్ళ చెలక కూడా వాటితోపాటే పోయింది. ఆ మరుసటి ఏడే ఆమె భర్త కాలం చేశాడు. రెండు వేల ఎనిమిదిలో విమానాలు దిగడం మొదలయ్యాక, తను కలుపు తీసిన చేను ఫలానా చోట ఉండేదని వేలు పెట్టి చూపడానికి గుర్తొక్కటీ మిగల్లేదు. తల మీదుగా విమానం పోతే, "గదో, మా జొన్న చేనుల దిగుతున్నది" అనేది. నవ్వుతూనే అనేది. కానీ పాతర మాటెత్తితే ఆ నవ్వు ఉండేది కాదు. గింజ లేకపోయినా ఏటా రోహిణి కార్తెలో బండ తీసి లోపలికి ఎండ తగలనిచ్చేది. మృగశిర రాకముందే మళ్ళీ మూసి, మట్టి మెత్తేది. వానచుక్క ఒక్కటి కూడా లోపలికి పోకూడదు. వచ్చే ఏడాది గింజ వస్తుందేమో అన్నట్టే చేసేది.

"అవ్వా, ఉత్త గుంతకు గింత కావలెందుకే?" అనేవాడు కొడుకు కొండల్.

"అది నిన్ను అన్నమడిగిందా, బట్టలడిగిందా? దాని జోలి నీకెందుకు?" అనేది ఈరమ్మ. అక్కడితో ఆ మాట ముగిసేది.

కొండల్ నాగలి పట్టిన చేత్తోనే స్టీరింగ్ పట్టుకున్నాడు. నల్లరంగు కారొకటి కొని ఎయిర్‌పోర్టు టాక్సీల వరుసలో పెట్టాడు. నడపడం బాగానే వచ్చింది. చిక్కంతా కడగడంతోనే వచ్చింది. ఇంట్లో బోరు ఉంది కానీ ఉప్పు నీళ్ళు. పొద్దున్నే ఎంత రుద్ది కడిగినా, ఆరగానే బండి నిండా తెల్లటి చుక్కలు తేలేవి. స్టాండులో సూపర్‌వైజరొకడు ఉండేవాడు. వరుసలోకి వచ్చే ప్రతి బండి మీదా వేలు పెట్టి గీసి చూసేవాడు. "ఏంది కొండల్, బండికి సున్నమేసినవా? తోలుకపో, రేపు రా" అనేవాడు. అంతే, ఆ రోజుకు పని లేనట్టే.

ఇంతలో పక్క ప్లాటులో తణుకు వైపు నుంచి వచ్చిన నరసరాజు, కామాక్షి దంపతులు ఇల్లు కట్టుకున్నారు. నరసరాజుది సరుకు విమానాల ఆఫీసులో ఉద్యోగం. కామాక్షికి గులాబీల పిచ్చి. చినుకు పడితే చాలు, నరసరాజు గొడుగేసుకుని పరుగున బయటికి వచ్చి, డాబా మీది నుంచి దిగే గొట్టాల కింద నీలం డ్రమ్ములు పెట్టేవాడు. ఆ నీళ్ళతోనే కారు కడిగేవాడు, ఆ నీళ్ళే గులాబీలకు పోసేవాళ్ళు. ఈరమ్మకు ఇదంతా వింతగా ఉండేది.

"గోదారి పక్కన పుట్టిన మీరు గిన్ని డ్రమ్ములు పెట్టుడేంది, రాజు సారూ?" అని గోడ మీది నుంచి నవ్వేది.

దానికి జవాబు కామాక్షి చెప్పింది. "అక్కడ నీళ్ళ విలువ తెలియకుండా పెరిగామండీ, ఈరమ్మ గారూ. ఇక్కడికి వచ్చాక బుద్ధొచ్చింది."

ఒకరోజు కొండల్ మొహం చూడలేక నరసరాజు రెండు బకెట్ల వాన నీళ్ళిచ్చాడు. ఆ నీళ్ళతో కడిగిన కారు ఆరాక ఒక్క చుక్క మరక కూడా లేదు. ఆ రోజు సూపర్‌వైజర్ వేలు పెట్టి గీసి, వేలు చూసుకుని, ఏమీ అనకుండా ముందుకు పోయాడు. కొండల్ ఇంటికొచ్చి, "వాన నీళ్ళంటే వాన నీళ్ళేనే అవ్వా" అని పదిసార్లు చెప్పాడు. అయితే డ్రమ్ముల్లో నీళ్ళు ఎన్నాళ్ళొస్తాయి? వారం గడిచేసరికి నరసరాజు డ్రమ్ములూ అడుగంటాయి.

ఆ మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. రెండు వేల పన్నెండు ఉగాది నాటికి ఈరమ్మ ఇంటి బోరు దగ్గి దగ్గి ఆగిపోయింది. ఏటా బతుకమ్మ పండుగకు వాడకట్టు మొత్తానికి సరిపడా బంతిపూలు పూయించే పెరడు ఎండి బీడైంది. ట్యాంకరు నీళ్ళు కొందామన్నా అవీ ఉప్పు నీళ్ళే. ఆ వేసవిలో కొండల్‌ను వరుసగా మూడు రోజులు వెనక్కి పంపారు. మూడోనాడు సూపర్‌వైజర్, "ఇంకొక్కసారి గిట్ల వస్తే వరుసల నీ పేరు తీసేస్త" అని తేల్చి చెప్పాడు.

కొండల్ ఆ సాయంత్రం తల్లి దగ్గర కూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టాడు. "అవ్వా, కోపం చేయకు. నెల తిరిగితే వానలొస్తయి. పాతరను సంపు లెక్క చేద్దాం. డాబా నీళ్ళు, వాకిలి నీళ్ళు అండ్లకే మలుపుత. నాకు బండికయితయి, నీకు బంతి చెట్లకయితయి."

ఈరమ్మ గయ్యిమని లేచింది. "గింజ దాసిన దాని నోట్లె నీళ్ళు పోస్తవా? నోట్లె నీళ్ళు ఎవరికి పోస్తర్రా? సచ్చేటోళ్ళకు పోస్తరు!"

కోడలు కళ్యాణి వంటింట్లోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున ఈరమ్మ వాకిలి ఊడుస్తూ ఆగిపోయింది. కొండల్ తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, వాకిట్లో ఆగి ఉన్న కారులో స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. బండి నిండా తెల్లటి మరకలు. పోయేదీ లేదు, దిగేదీ లేదు. కళ్యాణి తాగే నీళ్ళ బిందె తెచ్చి, "దీంతో తుడువు, మనం ఇయ్యాల మంది ఇండ్లల్ల తాగుదాం" అంటోంది. అతను తల అడ్డంగా ఊపుతున్నాడు. వ్యవసాయం పోయిన ఏడాది తన భర్త కూడా ఇలాగే, ఎద్దులు లేని కొట్టంలో గంటల తరబడి కూర్చునేవాడు. ఆ చూపు ఈరమ్మకు గుర్తే. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్నది పాతర కాదు, ఆ నల్ల బండి. తెలియని సంగతి కాదు. ఇన్నాళ్ళూ ఒప్పుకోలేదంతే.

చీపురు గోడకు ఆనించి కారు దగ్గరికి వచ్చింది. "దిగు. లోపలికి పోయి కందిలి తే" అంది.

కందిలి దించారు. దీపం నిటారుగా వెలిగింది. కొండల్ దిగి పాత గడ్డి అంతా ఎత్తి పైకిచ్చాడు. చివర్లో రాళ్ళ సందుల్లో ఇరుక్కున్న జొన్నగింజలు ఏరి పిడికిలి పైకి చాపాడు. ఈరమ్మ వాటిని కొంగులో ముడివేసుకుని, లోపలికి పోయి, దేవుడి పటం ముందు పెట్టింది. చాలాసేపటి దాకా బయటికి రాలేదు.

మృగశిరలో మొదటి వానకు డాబా మీది దుమ్మంతా కడిగి బయటికి వదిలేశారు. రెండో వాన గట్టిగా కురిసింది. కొండల్ తీసిన కాలువలోంచి నీళ్ళు గలగలా పాతరలోకి దూకాయి. మధ్యాహ్నానికి మూతి దాకా నిండింది. కళ్యాణి పసుపు కుంకుమ చల్లింది. నరసరాజు గొడుగేసుకుని వచ్చి, "అబ్బో, నా డ్రమ్ములు దీని ముందు గిన్నెలండీ!" అని మెచ్చుకున్నాడు. కొండల్ ఆనందం చెప్పనలవి కాదు. రేపు పొద్దున్నే ఈ నీళ్ళతో బండి కడిగి సూపర్‌వైజర్ కళ్ళు చెదిరేట్టు చేస్తానన్నాడు. ఈరమ్మ కూడా, పైకి ముభావంగా ఉన్నా, రెండు మూడుసార్లు వెళ్ళి తొంగి చూసుకుంది.

తెల్లారి కొండల్ బకెట్‌కు తాడు కట్టి వదిలాడు. ఠంగుమని రాతికి తగిలిన చప్పుడు వచ్చింది. పాతరలో చుక్క నీరు లేదు. అడుగున తడి మట్టి మాత్రం మెరుస్తోంది.

అతను నెత్తిన చేతులు పెట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. ఈరమ్మ వంగి చూసింది. ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

"ఓరి మన తెలివి పాడుగాను! మీ తాత ఊరంత తిరిగి, ఏడ నీళ్ళు నిలవవో సూసి, గాడ తవ్విపిచ్చిండు గదరా. గింజ తడవద్దని. కింద మొరం, సుట్టు రాళ్ళు. నీళ్ళెట్ల ఆగుతయి? నలభై ఏండ్లు దాని మూతి మెత్తిన. నాకన్న సోయి ఉండొద్దా?"

వ్యవసాయం మానేసి ఏడేళ్ళయితే తాతల నాటి ఇంగితం కూడా ఇలాగే తుప్పు పడుతుంది కాబోలు. ఊళ్ళో పెద్దమనుషులు నలుగురు ఆ కాలువ తవ్వేటప్పుడు చూసి శభాష్ అన్నవాళ్ళే. ఒక్కరికీ తట్టలేదు.

లోపల సిమెంటు చేయిద్దామన్నాడు కొండల్. "నా పానం ఉండంగ దానికి సిమెంటు పూయనియ్య" అంది ఈరమ్మ. ఆ మాట మీద మళ్ళీ గొడవ కాకుండా నరసరాజే అడ్డుపడ్డాడు. "నా డ్రమ్ములు రెండు తీసుకో కొండల్, నువ్వో నాలుగు తెచ్చుకో. ముందు నీ వరుస నిలబెట్టుకో. మిగతాది తర్వాత చూద్దాం" అన్నాడు. అలాగే చేశారు. డాబా గొట్టం కింద డ్రమ్ములు వరసగా నిలబడ్డాయి. అవి నిండాక పొర్లిన నీళ్ళూ, వాకిలి నీళ్ళూ పాత కాలువ వెంట పాతరలోకే పోయేవి. ఆ కాలువను పూడ్చాలని ఎవరికీ తోచలేదు. ఈరమ్మ మాత్రం చెత్త పోకుండా కాలువ మొదట్లో పాత చీర గుడ్డ ఒకటి కట్టింది.

ఆ వానాకాలమంతా డ్రమ్ముల నీళ్ళతో కారు తళతళలాడింది. కొండల్ పేరు వరుసలోనే ఉంది. పాతర నిండుతూనే ఉంది, తెల్లారేసరికి ఖాళీ అవుతూనే ఉంది. ఈరమ్మ ప్రతి వాన తర్వాతా వెళ్ళి చూసేది. మొదట్లో చిన్నబుచ్చుకునేది. తర్వాత దానితో మాటలు మొదలుపెట్టింది.

"తాగు తాగు. ఏడేండ్ల సంది ఉపాసమున్నవ్" అనేది. వానను దాచలేదని దాని మీద కోపం పోయింది. ఆకలిగొన్న ఇంటిమనిషి అన్నం తింటుంటే చూస్తున్నట్టు ఉండేది ఆమెకు.

చలికాలం చివరికి డ్రమ్ములు ఎండిపోయాయి. కొండల్‌కు మళ్ళీ బెంగ పట్టుకుంది. ఇక వానలకు మళ్ళీ నడిచిన బోరు నీళ్ళే గతి. మళ్ళీ తెల్ల మరకలు, ఉగాది దాటితే అవీ ఉండవు. కారు కడిగిన ప్రతిసారీ మరక తేలకముందే పాత ధోవతి గుడ్డతో చేతులు నొప్పెట్టేలా తుడిచేవాడు. రోజులు గడిచాయి. ఎందుకో సూపర్‌వైజర్ ఏమీ అనలేదు.

ముందు పట్టుకున్నది కళ్యాణి. "అత్తమ్మా, కందిపప్పు గీ నడుమ జల్ది ఉడుకుతుంది. మునుపు పొద్దంత ఉడకబెట్టినా పలుకు పోకుండె" అంది. ఉప్పు నీళ్ళలో పప్పు ఉడకదని ఆ ఊళ్ళో వంట చేసేవాళ్ళందరికీ తెలుసు. ఈరమ్మ చెంబుతో బోరు నీళ్ళు ముంచి పుక్కిలించి చూసింది. ఉప్పు పూర్తిగా పోలేదు కానీ, నాలుక మీద మునుపటి జిడ్డు లేదు. చెంబు బోర్లించింది. ఉగాది వచ్చింది, పోయింది. నిరుడు ఆ రోజులకే దగ్గి ఆగిపోయిన బోరు ఆ ఏడు ఆగలేదు.

పోతే పక్కింట్లో బోరు ఆగిపోయింది. ఓ ఉదయం గోడ అవతల కామాక్షి, బియ్యం కడిగిన నీళ్ళను గులాబీ మొక్కలకు చెంచాలతో పోసినట్టు పోస్తోంది. నరసరాజు మోటారు దగ్గర నిలబడి స్విచ్చి వేస్తూ తీస్తూ విసుగ్గా ఉన్నాడు. ఇవతల కొండల్ బకెట్ నిండా నీళ్ళు పట్టి కారు మీద పోయబోతున్నాడు. నరసరాజు ఆ ధార వంక చూసి, పాతర వంక చూసి, తల పంకించాడు.

"ఈరమ్మ గారూ, వీధిలో నడుస్తున్న బోరు మీదొక్కటేనండీ. నిరుడు వానంతా మీ పాతర పోగొట్టిందనుకున్నాం. పోగొట్టలేదండీ. కిందికి దించుకుని దాచింది" అన్నాడు.

ఈరమ్మ అక్కడే నిలబడిపోయింది. పాతరకూ బోరుకూ మధ్య ఇరవై అడుగుల దూరం. ఇన్ని నెలలుగా వాకిట్లో ఆ రెంటి మధ్యే తిరిగింది. ఆమె మొహం మీద సంతోషం వస్తుందని చూసిన నరసరాజుకు, అక్కడ కంగారు కనిపించింది.

"కొండలూ, ఆగు! బకెట్ కింద పెట్టు!" అని అరిచింది.

"ఏమైందే? డ్యూటీకి ఆలస్యమైతుంది."

"కానియ్యి. పాతర తీసినట్టే గదరా ఇది! ఎర్క లేక ఇన్ని దినాలు మనమే తింటున్నం. మొదటి గంప ఎటు పోతది?"

కొండల్ ఒక్క క్షణం తల్లి వంక చూశాడు. చిన్నప్పుడు ఆ గంప వెంట పక్కింటి దాకా తనూ నడిచిన సంగతి గుర్తొచ్చిందేమో, బకెట్ పక్కన పెట్టాడు. ఈరమ్మ పెద్ద ఇత్తడి బిందె చింతపండుతో తోమి తెచ్చింది. నిండా నీళ్ళు పట్టింది. కొండల్ ఇస్త్రీ చొక్కా తడుస్తున్నా లెక్కచేయకుండా బిందె భుజాన పెట్టుకుని పక్కింటి గేటు తీసుకుని పోయాడు. వెనకే ఈరమ్మ నడిచింది. కామాక్షి ఎదురొచ్చి ఏమిటని అడిగేలోగా కొండల్ బిందె గడప ముందు దించాడు.

"ముందుగాల మీరు తాగాలె, కామాక్షమ్మా. తర్వాతనే మేము. ఇగ రోజు గోడ మీదికెళ్ళి పైపేస్తం. మీ పూలకు, మీకు, ఎన్నయితె గన్ని" అంది ఈరమ్మ.

కామాక్షికి ఆ ఆచారం ఏదీ తెలియదు. "అయ్యో, మీకే ఇబ్బంది కదండీ" అంటూనే బిందె లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి తిరిగి తెచ్చి ఇచ్చింది. ఈరమ్మ అందుకుని చూసింది. అడుగున రెండు గులాబీలున్నాయి. ఆ ఎండల్లో కామాక్షి పెరట్లో పూసినవే ఆ రెండు.

"వట్టి బిందె ఎలా పంపుతామండీ?" అంది కామాక్షి మామూలుగా.

ఎవరితోనైనా వాదించి నెగ్గే ఈరమ్మ, రెండు పూలకు ఓడిపోయింది. బిందెను చంకనెత్తుకుని ఇంటికొచ్చి, నేరుగా పాతర దగ్గరికి పోయి, బండ మీద ఆ పూలు పెట్టింది. చేను పోయిననాడు ఏడవలేదు. ఇప్పుడు కూర్చుని హాయిగా ఏడ్చింది. నేల తన దగ్గరి నుంచి పోయిందనే ఇన్నేళ్ళూ అనుకుంది. వాకిట్లో ఉన్న కాస్త నేల మాత్రం మామయ్య చెప్పిన మాట తప్పకుండా, తీసుకున్నది దాచి మళ్ళీ ఇచ్చింది. ఆ రుణం ఎవరికి చెప్పుకోవాలో తెలియక, బండకే దండం పెట్టుకుంది. కొండల్ ఆ రోజు డ్యూటీకి గంట ఆలస్యంగా పోయాడు. కారు మాత్రం మెరుస్తూ పోయింది.

ఆ ఏడు రోహిణి కార్తె వెళ్ళిపోతుండగా కళ్యాణి, అలవాటు ప్రకారం, మట్టీ పేడా కలిపి తట్టలో పెట్టుకుని వచ్చింది. "అత్తమ్మా, పాతర మూతికి మెత్తుదామా?" అని అడిగింది.

ఈరమ్మ పడమటి దిక్కు చూసింది. విమానాలు దిగే వైపు నల్లగా మబ్బు కమ్ముకుంటోంది.

"తట్ట అవతల పెట్టు బిడ్డా. కొండల్‌ను పిలువు, బండ తీద్దాం" అంది.